నువ్వెత్తొద్దు, నేనెత్తుతా

గతించినవారికి నీళ్లు వదలడానికి గోత్రం కావాలి, రక్తసంబంధం కావాలి. మాటలు వదలడానికి కృతజ్ఞత ఒక్కటి చాలు. ఆ ఒక్క అధికారంతోనే నేను ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. తిరుపతిలో మా వీధి చివరి ఇంటి యోగం టీచరమ్మ పోయిన శుక్రవారం తెల్లవారుజామున కాలధర్మం చెందారు. ఆమె వద్ద ఊపిరి తీసుకోవడం, వదలడం నేర్చుకున్నవారు చిత్తూరు జిల్లా అంతటా ఉన్నారు. వారందరికీ కబురు అంది ఉండదు. అందనివారికి ఇది కబురు. ఆమెను ఎరుగనివారికి పరిచయం. నా వరకు ఇది గురుతర్పణం.

ఆమె పేరు ఇక్కడ వ్రాయను. బ్రతికి ఉండగా ఆ పేరుతో ఆమెను పిలిచినవారే లేరు.

ఆ వార్తను మా ఇంటికి పూలమ్మే ఆమె తెచ్చింది. ప్రతి ఉదయం మొదటి మూర టీచరమ్మ ఇంట ఇచ్చి, తరువాత మా గడపకు రావడం ఆమె అలవాటు. ఆనాడు గంప దించకుండానే నిలబడింది.

"అయ్యోరూ, టీచరమ్మ వాకిలి తీసే ఉండాది. పిలిస్తే పలకలా. కుర్సీలోనే కండ్లు మూసుకోనుండాది. జపం జేసుకుంటా ఉండాదేమోనని పూలు గూట్లో పెట్టి వచ్చేసినా. మళ్లా ఎందుకో నాకు కాళ్లాడలేదు. రవంత మీరొచ్చి సూడండి."

వెళ్లి చూశాను. పేము కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. చేతులు రెండూ ఒడిలో వెల్లకిలా ఉన్నాయి. ఎదుట కిటికీ తెరిచి ఉంది. కొండ మీద అప్పుడే వెలుగు పడుతున్నది. నేను ముఖం వంక చూడలేదు. పక్కటెముకల వంక చూశాను, అవి కదులుతున్నాయా అని. మనిషిని చూడగానే ముందు ఊపిరిని చూడడం ఆమె నాకు అంటించిన అలవాటే. కదలలేదు. వైద్యుడు వచ్చి, నిద్రలో గుండె ఆగిందని చెప్పాడు.

ఆమె బాలికల పాఠశాలలో డ్రిల్లు టీచరుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేశారు. ఆసనాలు, ప్రాణాయామం తండ్రివద్ద చిన్ననాడే అభ్యసించారు. పొడగరి. బిగించి చుట్టిన ముడి, మోచేతుల వరకు చేతులున్న రవిక, ఎండకాలంలో కూడా కాళ్లకు కాన్వాసు బూట్లు. బడిలో ఊదిన ఈల, ఉద్యోగం ముగిసిన తరువాత కూడా వాకిట మేకుకు వేలాడుతూనే ఉండేది. ఎవరు ఏ బాధ చెప్పుకోవడానికి వచ్చినా ఆమె మొదట అనే మాట ఒకటే: "ముందు గాలి వదులు. తర్వాత చెప్పు." ఆ మాట విన్నాకే, తాము ఎంతసేపటి నుంచి ఊపిరి బిగబట్టి ఉన్నారో చాలామందికి తెలిసేది.

క్యాన్సరు రోగులకు ఆమె ఎప్పటినుంచి నేర్పుతున్నారో నాకు తెలియదు. నాకు తెలిసింది నా చెల్లెలి కథ. టీచరమ్మను గూర్చి చెప్పడానికి అంతకంటే నిజమైన దారి నా వద్ద లేదు.

మా చెల్లెలిని నగరిలో ఇచ్చాము. అది మగ్గాల ఇల్లు. మా నాయనదీ ఆ వృత్తే. ఆయన మగ్గం గుంటలో కూర్చుని కాలితో తొక్కుతూ పద్యాలు పాడేవాడు. పక్కన కూర్చుని విన్న మేమిద్దరం రెండు విధాల పెరిగాము. నేను పద్యం పట్టుకుని తిరుపతిలో తెలుగు పండితుడనైనాను. చెల్లెలు నేత పట్టుకుని నగరిలో ఉండిపోయింది. ఎనభైల తొలిరోజుల్లో ఆమెకు కుడి రొమ్ములో గడ్డ కనబడింది. చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పిన తరువాత మద్రాసులో పెద్దాసుపత్రికి తీసుకువెళితే, రొమ్ము తీసివేశారు. గాయం మానిన పిదప కరెంటు పెట్టాలన్నారు. రేడియేషనుకు మా వైపు అదే పేరు. అంతవరకు విశ్రాంతి కోసం పుట్టిల్లని మా ఇంటికి వచ్చింది.

వచ్చిన నాటినుంచి కుడిచేతిని పక్కకు అదిమిపెట్టుకుని, దానిమీదుగా పైట బిగించి కూర్చునేది. లోటు కనబడకూడదని అలా చేస్తున్నదనుకున్నాము. చేయి కదిపితే కుట్లు ఊడతాయని చూడవచ్చినవారు ఒకరి తరువాత ఒకరు హెచ్చరించారు. నా భార్య నా పాత పంచె చించి, మెడనుంచి చేతికి జోలె కట్టింది. ప్రేమతో కట్టిన ఆ జోలెలోనే భుజం గడ్డకట్టుకుపోయింది.

మాఘమాసంలో పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు ఆ చేతిని ఎత్తి చూశాడు. భుజం ఎత్తుకైనా రాలేదు. ఆయన ముఖం మారింది. "యంత్రం కింద పడుకున్నప్పుడు ఈ చెయ్యి తలపక్కన పెట్టుకుని కదలకుండా ఉండాలమ్మా. చెయ్యి అడ్డంగా ఉంటే పడవలసిన చోట కిరణాలు పడవు. మరీ ఆలస్యమైతే లోపల మిగిలిన రోగం మన కోసం ఆగదు. ఉగాది వెళ్లిన వారం రండి. ఆలోగా ఈ చెయ్యి పైకి రావాలి" అన్నాడు. అది విన్నప్పటినుంచి మా ఇంట పంచాంగం గోడమీద కాక మా గుండెలమీద వేలాడినట్లుండేది.

మా చెల్లెలి భర్త, అంటే నా బావ, ఆ మాటను మరొకలా విన్నాడు. చేయి రావడం లేదంటే ఆ కరెంటు వద్దని దైవమే చెప్పడమని అతని తలంపు. యోగంతోనే ఈ రోగం మాయమవుతుందని నగరిలో ఎవరో చెప్పారు. అతడు బస్సు దిగి నేరుగా టీచరమ్మ ఇంటికి వెళ్లాడు. నేనూ, చెల్లెలూ వెనుకనే వెళ్లాము.

"ఆ కరెంటు పెడితే తోలంతా నల్లగా మాడిపోతాదంట టీచరమ్మా. మీ యోగంతోనే నయమైపోతాదని మా ఊర్లో అందురూ చెప్తా ఉండారు. ఎన్నాళ్లయినా సరే, ఆయమ్మిని మీ తావ వదిలిపెడతా" అన్నాడు బావ.

"ముందు గాలి వదులు నాయనా" అన్నారామె. బావ వదిలాడు. "అందురూ అంటే ఎవురు? నేను చెప్పినానా? మా అక్క ఈ మాట నమ్మే పొయ్యింది. ఆసుపత్రి వద్దని ఆసనాలు పట్టుకోని కూసున్నింది. రోగం సంగతి డాక్టర్లది. ఆడికి పొయ్యేదానికి తెగువ, పొయ్యొచ్చినాక రవంత నిద్ర, తిన్నది కడుపులో నిలిసేది, ఇదిగో ఈ చెయ్యి లేసేది, ఇంతే నా పని. ఉగాదికి మద్రాసు పోతామంటే రేపే వస్తా. పోమంటే ఇంకొకర్ని ఎతుక్కో."

బావకు కోపం వచ్చింది. "ఏమి, ఆసుపత్రోళ్లకు మీరు ఏజెంటా?"

"అవునుబ్బా. కమీషను మాత్రం ఇంకా రాలా."

బావ మా ఇంట భోజనం కూడా చేయకుండా తిరుగు బస్సెక్కాడు. చెల్లెలు తల వంచుకుని అక్కడే కూర్చుంది. "నువ్వేమంటావు అమ్మణ్ణీ?" అని టీచరమ్మ అడిగితే, "పోతా. బతకల్లని ఉండాది. చెయ్యే రాదు" అన్నది. బ్రతకాలన్న మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

మరునాటి ఉదయం నుంచి టీచరమ్మ మా ఇంటికి రాసాగారు. మొదట ఆ జోలె విప్పించి, మడిచి నా భార్య చేతికిచ్చారు. "దీన్ని ఇల్లు తుడిసేదానికి వాడుకో" అన్నారు. చెల్లెలిని చాపమీద పడుకోబెట్టి, భుజం వెనుక ఒక అరచేయి, మోచేతి కింద ఒక అరచేయి ఉంచి, ఎత్తమనేవారు. చేయి ఒక హద్దు వరకు వచ్చి ఆగిపోయేది. కొన్నాళ్లు చూసి, నన్ను వాకిట్లోకి పిలిచారు.

"అయ్యోరూ, ఇది నొప్పి గాదు. నొప్పయితే చెయ్యి ఒక తావ నిలిసి ఒణుకుతాది. ఇది ఒణకలా. ఆయమ్మే ఎత్తకుండా పట్టుకోనుండాది. ఏందో ఉండాది లోపల."

లోపలికి వెళ్లి ఇద్దరం అడిగాము. చెల్లెలు చాలాసేపు కొండవైపు కిటికీనే చూసింది. తీరని మొక్కును బయట పెట్టకూడదంటారు. అయినా చివరకు చెప్పింది. శస్త్రచికిత్సకు లోపలికి తీసుకుపోతున్నప్పుడు, బల్లమీద పడుకునే, స్వామికి మాట ఇచ్చిందట. ప్రాణం నిలిపితే కొండకు నడిచివచ్చి, ఆయన ఎదుట రెండు చేతులూ ఎత్తి మొక్కుతానని. అంతవరకు తన కుడిచేతిని మరి దేనికోసమూ తలకు మించి ఎత్తనని. రోగం వచ్చింది ఆ పక్క కనుక ఆ చేతినే తాకట్టు పెట్టింది.

నేను పండితుణ్ణి కదా, ఊరుకోలేకపోయాను. ఆపత్కాలంలో వ్రతభంగానికి దోషం లేదనీ, మొక్కును వాయిదా వేసుకోవడానికి ధర్మశాస్త్రంలో దారులున్నాయనీ మొదలుపెట్టాను.

"వాయిదా వేసేదానికి ఇదేమన్నా కోర్టా అన్నా?" అన్నది చెల్లెలు. "నువ్వు దేవునితో పద్యాల్లో మాట్లాడతావు. ఒక పద్యం తప్పితే ఇంకోటి పాడతావు. నా తావ ఉండేది ఒకటే మాట. అది గూడా తప్పితే ఆయన నన్ను ఎందుకు బతికించల్ల?"

నేను మరో ప్రమాణం వెదుకుతున్నాను. టీచరమ్మ చేయి అడ్డుపెట్టారు. "అయ్యోరూ, మీరు గమ్మునుండండి."

తరువాత చెల్లెలి పక్కన నేలమీద కూర్చున్నారు. "మొక్కింది నువ్వు. ఎత్తనన్నది నువ్వు. నేను మొక్కలా గదా?" అన్నారు. "నువ్వెత్తొద్దు, నేనెత్తుతా. చెయ్యి నాకిచ్చెయ్. బరువంతా నాకు ఇడిసిపెట్టు. నువ్వు గాలి మాత్రం వదలతా ఉండు. పైకి పొయ్యింది నీ చెయ్యి అని నువ్వు అనుకోవద్దు, నాది అనుకో."

పసిబిడ్డ తలను పట్టుకున్నట్లు ఆ చేతిని పట్టుకున్నారు. చెల్లెలు కళ్లు మూసుకుంది. చేయి కొంచెం పైకి లేచింది. చెల్లెలి కంటి కొసలనుంచి నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. ఈసారి అవి నొప్పివల్లనే. టీచరమ్మ సంతోషించారు. "ఇప్పుడు నొప్పి వచ్చిందా? మంచిది. నొప్పితో నేను మాట్లాడగలను. మొక్కుతో మాట్లాడలేను."

నొప్పి వచ్చినప్పుడల్లా చెల్లెలు ఊపిరి బిగబట్టేది. దానికి కూడా టీచరమ్మ ఒక ఉపాయం కనిపెట్టారు, దానిలోకి నన్ను లాగారు. "అయ్యోరూ, మీరు పొద్దున్నే పాడతారే, పొడుగు పాదాలుండే సీసం, అది పాడండి. ఒక పాదం అయ్యేదాకా ఆయమ్మ మెల్లగా గాలి వదలల్ల." నేను పాడాను. ఆందోళనలో నాకు తెలియకుండానే వేగం పెరిగింది. "ఎందుకట్ల ఉరుకుతారు? రైలుకు టైమయిందా? మీ నాయన మగ్గం తొక్కతా పాడేవాడంట గదా, అట్ల పాడండి" అన్నారు. నా ఉచ్చారణను, యతిస్థానాలను మెచ్చుకున్న సభలు ఉన్నాయి. నా పద్యం ఒక మనిషి ఊపిరికి సరిపోయిందా లేదా అని పరీక్షించినది ఆమె ఒక్కరే.

చేయి ఎంతవరకు వచ్చిందో తెలియడానికి ఆమె గోడమీద బొగ్గుతో గీత గీసేవారు. చెల్లెలు గోడ పక్కన నిలబడేది, టీచరమ్మ ఆ చేతిని మోసుకుని పైకి నడిపించేవారు, వేలికొన తాకినచోట గీత. గీతలు మెల్లగా పైకి ప్రాకి, భుజం ఎత్తు దాటి, చెవి అందకముందే నిలిచిపోయాయి. శివరాత్రి వెళ్లింది. ఉగాదికి వీధిలో అందరూ సున్నాలు వేస్తున్నారు. మా ఇంట ఆ ఒక్క గోడ మిగిల్చి తక్కినవన్నీ వెల్ల వేయించింది నా భార్య. ప్రతి ఉదయమూ గీత ఉన్నచోటనే మళ్లీ గీత పడేది. అది పైకి జరగడం లేదు, లావవుతున్నది. ఇంట ఎవరమూ ఆ గోడవైపు చూడనట్లు నటించేవాళ్లం. ఒకనాడు టీచరమ్మ బొగ్గుముక్క కిందపెట్టి, "పొద్దున ఒక్కసారి నేనొచ్చి ఎత్తితే సాలదు. దినమంతా ఎత్తేవాళ్లు కావల్ల. మీరెవురు పట్టుకున్నా ఆయమ్మి బిగుసుకుంటాది. నాకుండేది రెండు చేతులే" అని నెమ్మదిగా అన్నారు. ఆమె గొంతులో భయాన్ని మొదటిసారి విన్నాను.

ఆ సాయంత్రం నా భార్య పెరటి బావిలో నీళ్లు చేదుతున్నది. గిలక కిర్రుమంటున్నది. చెల్లెలు ఆ గిలకనే చూస్తూ నన్ను పిలిచింది.

"అన్నా, మగ్గం మీద రెండు చట్రాలు గిలకకు వేలాడతాంటాయి గదా. కాలితో ఒకదాన్ని కిందికి తొక్కితే రెండోది దానంతకదే లేస్తాది. దాన్ని ఎవురూ ఎత్తరు."

"అవును."

"దూలానికి గిలక కట్టి, తాడు ఈ కొస ఎడమ చేతికి, ఆ కొస కుడిచేతికి ఇస్తే? నేను ఎడమచేత్తో కిందికే లాగతా. కుడిది పోతే పోనీ. దాన్ని ఎత్తింది నేను గాదు, గిలక."

పుట్టినప్పటినుంచి ఆమె కళ్లముందు కదిలిన వస్తువు అది. పడుగును విడదీసి, పేకనూలు మోసే నాడెకు దారి ఇచ్చేది అదే. నేను ఈసారి ఏ శాస్త్రమూ మాట్లాడలేదు. నగరి బస్సు కండక్టరుతో బావకు కబురు చేశాను, మంచి మగ్గం గిలక ఒకటి కావాలని.

గిలక పంపుతాడనుకున్నాము. అతడే వచ్చాడు. నున్నగా తోమిన కొయ్యగిలక, నూలుతో తానే పేనిన తాడు, చేతులు ఒరుసుకోకుండా కొసలకు మెత్తని గుడ్డ ఉచ్చులు. ఎవరితోనూ మాట్లాడకుండా స్టూలు ఎక్కి దూలానికి బిగించి, రెండు కొసలూ కలిపి పట్టుకుని తన బరువంతా వేసి వేలాడి చూశాడు. అప్పుడే టీచరమ్మ గడప దాటి వచ్చారు.

"ఏమప్పా, ఏజెంటును సూసేదానికి వచ్చినావా?"

"గిలక ఇచ్చేదానికి వచ్చినా. మాట్లాడేదానికి గాదు."

"మంచిది. అయితే మాట్లాడకుండా ఆ ఇరుసుకు రవంత ఆముదం పుయ్యి. అరస్తా ఉండాది."

బావ ముఖం తిప్పుకుని నవ్వాడు. ఆముదం పూశాడు. ఆ పూట అన్నం తిని, నగరికి పోలేదు. మద్రాసు ప్రయాణం వరకు మా ఇంటనే ఉండి, గిలక కింద చెల్లెలి వెనుక నిలబడి, "మెల్లిగా, మెల్లిగా" అంటూ, తానూ ఆమెతోపాటు ఊపిరి వదిలేవాడు. ఉగాదినాడు మా ఇంట పచ్చడి తినడానికి ముందే గోడమీద కొత్త గీత పడింది, పాత లావు గీతకు పైన. దానిని చూసి టీచరమ్మ మేకునుంచి తెచ్చుకున్న తన పాత ఈల తీసి ఒక్కసారి ఊదారు. వీధిలోనివారు ఉలిక్కిపడి వాకిళ్లలోకి వచ్చారు.

ఇక మిగిలింది ఒంటరితనం. ఆ యంత్రపు గదిలో రోగితో ఎవరూ ఉండరు. డాక్టరు కూడా తలుపు వేసి బయటికి వస్తాడు. కదలకూడదు, పిలిచినా పలికేవారుండరు. దానిని కూడా ఆమె ఇంటనే అభ్యాసం చేయించారు. చెల్లెలిని మంచంమీద పడుకోబెట్టి, కుడిచేతిని తలపక్క దిండుమీద ఉంచి, మమ్మల్ని బయటికి పంపి, తానూ వచ్చి తలుపు వేశారు. మొదటిసారి చెల్లెలు కేక వేసి లేచివచ్చింది. టీచరమ్మ కోప్పడలేదు. "ఆడ నేనుండను, మొగుడుండడు, మీ అన్న ఉండడు. పద్యం ఉంటాది. దాన్ని ఎవురూ బయటికి పంపలేరు. నీ లోపలే పాడుకో. ఒక పాదానికి ఒకసారి గాలి వదులు" అన్నారు. ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు మాత్రం ఆమెకు అసలు నేర్పలేదు. అవి నేర్పమని బావ అడిగితే, "బిగబట్టేది ఆయమ్మికి ముందే బాగా వచ్చు" అన్నారు.

మద్రాసుకు ఆమె కూడా మాతో వచ్చారు. ఆ ఉదయం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. చెల్లెలిని లోపలికి తీసుకువెళ్లి, చేతిని తల పక్కన అమర్చి, మందమైన తలుపు మూశారు. తలుపుమీద ఎర్రదీపం వెలిగింది. ఆమె కదిలితే పని చెడుతుంది; చేయి జారితే అంతా మొదటికి వస్తుంది; భయపడి లేచిందంటే మళ్లీ ఎప్పుడు ఆ బల్లమీదికి ఎక్కుతుందో తెలియదు. బావ గోడకు చెంప ఆనించి నిలబడ్డాడు. నేను మనస్సులో పద్యం ఎత్తుకున్నాను. చిన్ననాటినుంచి నోట ఆడిన పద్యం, మూడవ పాదం దగ్గర నాకు తప్పిపోయింది. ఎంత వెదికినా రాలేదు. నాకే రాకపోతే లోపల ఆమెకు వస్తున్నదా? దిక్కుతోచక టీచరమ్మ వైపు తిరిగాను. ఆమె ఎర్రదీపాన్ని చూస్తూ నిలబడి ఉన్నారు. అలవాటుగా నా చూపు ఆమె పక్కటెముకలమీదికి పోయింది. అవి కదలడం లేదు.

"టీచరమ్మా, గాలి వదలండి" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి వదిలారు. ఆ వదిలిన తీరులోనే నవ్వారు. "మీకు గూడా నేర్పేసినానే" అన్నారు.

దీపం ఆరింది. తలుపు తెరిచారు. చెల్లెలి చేయి పెట్టినచోటనే ఉంది. కళ్లు తెరిచి మావైపు చూసి, "అప్పుడే అయిపొయ్యిందా? నాకింకా ఎత్తుగీతి మిగిలుండాది" అన్నది. సీసం ముగింపులో వచ్చే చిన్న పద్యాన్ని ఎత్తుగీతి అంటారు. నా జీవితంలో పద్యానికి దక్కిన గౌరవాలలో అదే గొప్పది.

అంతటితో అన్నీ సుగమమయ్యాయని చెబితే ఆమెకు అపచారం చేసినవాణ్ణవుతాను. బావ భయపడినట్లే తోలు నల్లబడింది. అన్నం సహించలేదు. లేచి నిలబడలేని రోజులున్నాయి. అటువంటి రోజుల్లో టీచరమ్మ చాప కూడా పరవనిచ్చేవారు కారు. "ఈపొద్దు ఆసనాల్లేవు. పండుకునేదే ఆసనం" అని, ఎడమవైపు ఒత్తిగిలించి పడుకోబెట్టి, వీపుమీద అరచేయి ఉంచి కూర్చునేవారు. రోగాన్ని తగ్గించింది మద్రాసు వైద్యులే. ఆ వైద్యాన్ని మా చెల్లెలు చివరికంటా నిలబడి అందుకునేటట్లు చేసింది ఈమె. ఈ రెండింటినీ ఎవరైనా కలిపి మాట్లాడితే ఆమె ఒప్పుకునేవారు కారు.

మొక్కు తీర్చడానికి డాక్టరు అనుమతించిన తరువాత కొండకు నడిచి వెళ్లాము. టీచరమ్మ కాన్వాసు బూట్లు అలిపిరిలోనే వదిలి మాతో నడిచారు. సన్నిధిలో క్షణం కూడా నిలవనివ్వరు. వెనుకనుంచి తోస్తున్నారు, ముందునుంచి జరగండి అంటున్నారు. ఆ తొక్కిడిలో చెల్లెలు రెండు చేతులూ తలకు మించి ఎత్తింది. మొక్కిన తరువాత మొట్టమొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా, తానుగా. నేను స్వామిని చూశాను. బావ స్వామిని చూశాడు. టీచరమ్మ మాత్రం చెల్లెలి చేతినే చూస్తూ, "అమ్మణ్ణీ, మోచెయ్యి వంగింది, సాపు" అన్నారు. చెల్లెలు ఏడుస్తూనే ఫక్కున నవ్వి, మోచేయి చాపింది.

ఆ గిలకను అటుపై టీచరమ్మ తన వరండా దూలానికి బిగించుకున్నారు. పుత్తూరునుంచి, చంద్రగిరినుంచి, ఇంకెక్కడినుంచో శస్త్రచికిత్స అయిన స్త్రీలు వచ్చి దాని కింద నిలబడేవారు. పురుషులూ వచ్చేవారు. అందరూ బ్రతకలేదు. తాలూకా కచేరీలో పనిచేసిన ఒకాయన కడుపులో రోగంతో వచ్చి, కొన్నాళ్లు పడుకుని ఊపిరి వదలడం మాత్రమే నేర్చుకుని, పోయాడు. "ఆయన పోనే పాయె, మరి మీరు నేర్పిందేమి?" అని వీధిలో ఎవరో దెప్పారు. "కడాకు నిద్రపొయ్యినాడు గదా. అంతే నేర్పినా" అన్నారు. మా చెల్లెలు నెలలో కొన్నాళ్లు నగరినుంచి వచ్చి ఆమెకు సాయం చేసేది. ఎవరి చేయి ఎక్కడ నిలిచిందో, అది నొప్పివల్లనో, లోపలి పట్టువల్లనో, చూడగానే చెప్పే నేర్పు ఆమెకూ పట్టుబడింది.

ఇప్పుడు మొన్నటి సోమవారం సంగతి చెప్పి ముగిస్తాను. దహనం అయిపోయింది. టీచరమ్మ తమ్ముడి భార్య మదనపల్లినుంచి వచ్చి ఇంట కర్మలు జరిపిస్తున్నది. నేనూ, చెల్లెలూ వరండాలో కూర్చుని ఉన్నాము. గేటు వద్ద ఒక చిన్నవయసు స్త్రీ నిలబడింది. వెంట తల్లి కాబోలు. కుడిచేతిని పక్కకు అదిమిపెట్టి, దానిమీదుగా పైట బిగించుకుని ఉంది. ఇంటి వాలకం చూడగానే సంగతి అర్థమై, వెనుదిరిగింది.

చెల్లెలు లేచింది. "యాడికి పోతావు? రా."

తమ్ముడి భార్య లోపలినుంచి వచ్చింది. "ఏమమ్మా, ఇది మైలిల్లు. దినకర్మలు కానీ. తర్వాత రమ్మను" అన్నది. ఆమె తప్పుగా ఏమీ అనలేదు.

చెల్లెలు ఆ అమ్మాయిని అడిగింది: "కరెంటుకు ఎప్పుడు రమ్మన్నారు?" అమ్మాయి చెప్పింది. వ్యవధి లేదు. అందరూ నావైపు చూశారు. శాస్త్రం చెప్పవలసినవాణ్ణి నేనే కదా. అశౌచం గురించి నాకు తెలిసినవన్నీ ఒక్కసారి నాలుకమీదికి వచ్చాయి. వాటితోపాటు ఒక పాత గొంతు కూడా వచ్చింది, గమ్మునుండండి అని. నేను మూలనున్న చాప తెచ్చి గిలక కింద పరిచాను.

చెల్లెలు తాడు ఉచ్చును ఆ అమ్మాయి చేతికి తొడిగింది. ఎన్నో చేతులు పట్టి ఆ గుడ్డ పట్టులా మెత్తబడి ఉంది. అమ్మాయి భయంతో బిగుసుకుపోయి, "నాకు ఎత్తేదానికి రాదక్కా" అన్నది.

"నువ్వెత్తొద్దు. ఆ కొస కిందికి లాగు, అంతే. ముందు గాలి వదులు."

లోపల దీపం వెలుగుతున్నది. తమ్ముడి భార్య గడపలో నిలబడి చూస్తున్నది. గిలక కిర్రుమనలేదు, బావ పూసిన ఆముదం ఇంకా పనిచేస్తున్నది. ఒక కొస కిందికి దిగింది. రెండవ కొస, దానితో ఒక లేత చేయి, ఎదుటి కొండవైపు మెల్లమెల్లగా లేచింది.

ఆ తాడు పట్టుకోవడానికి ఇకపై వచ్చే ప్రతి చేతికీ ఎత్తగల బలం కలుగుగాక. అంతవరకు మోసే చేయి ఒకటి పక్కన ఉండుగాక. మూసిన తలుపు వెనుక ఒంటరిగా పడుకున్న ప్రతివారికీ పద్యం చివరిదాకా గుర్తుండుగాక, అది ముగియకముందే తలుపు తెరుచుకొనుగాక.